పేరాల నుంచి తెచ్చిన రెండు వేల కండువాలు

రెండు వేల పార్టీ కండువాలను, తిరిగిచ్చే వీల్లేని బేరానికి కొన్నవాడు తెనాలి బజారులో నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇప్పటికీ నాదే. ఏ పార్టీవో మాత్రం చెప్పను. మా బట్టల కొట్టుకు అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు.

మొన్నటి ఎన్నికల ముందు మా వైపు నాయకుడొకాయన ఆ పార్టీలోకి దూకుతాడని ఒకటే పుకారు. ఆయనేమో "మా పార్టీ నాకు కన్నతల్లి, వదిలే ప్రశ్నే లేదు" అని వారంలో మూడుసార్లు టీవీలో చెప్పాడు. కొట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? "ఈ ధరకు గిట్టదండి" అని మూడుసార్లు అన్న వర్తకుడు నాలుగోసారి పొట్లం కడతాడు. ఆయన మారితే వెనక ఊళ్ళకు ఊళ్ళు మారతాయి. ప్రతి మెడకూ ఒక కండువా కావాలి.

నేతకు పేరుపడ్డ పేరాల ఊరు వెళ్ళాను. కండువా పదకొండు రూపాయలు, మిగిలినవి వెనక్కి తీసుకుంటానన్నాడు టోకు వ్యాపారి.

"వెనక్కి తేను. తొమ్మిది చేయండి."

"ఎన్నికల సరుకండి. కాస్త ఆలోచించుకోండి."

"ఆలోచించాకే బస్సెక్కానండి."

పద్దెనిమిది వేలు ఇచ్చాను. కొట్టు పైకప్పు రేకులు మార్చడానికి మా ఆవిడ చీటీ పాడి, దాచమని నా చేతికిచ్చిన డబ్బది.

నామినేషన్ల చివరి రోజున ఆయన పాత పార్టీ తరఫునే వేశాడు. జన్మలో మొదటిసారి మాట మీద నిలబడ్డాడు, అదీ నా పెట్టుబడి మీద కాలు పెట్టి.

పక్క స్టీలు సామాన్ల కొట్టు బాబాయి టీ గ్లాసుతో వచ్చాడు. "ఏరా, నాయకులంతా అబద్ధాలకోర్లని తిట్టేవాడివిగా. ఒక్కడు నిజం చెబితే తట్టుకోలేకపోతున్నావేంటి?"

ఆ కండువాల పార్టీవాళ్ళనే కొనమని అడుగుదామని పొన్నూరు వెళ్ళాను. వాళ్ళకు పైనుంచి ఉచితంగా వస్తున్నాయట. చుండూరులో మొక్కజొన్న కోతలకు వెళ్ళేవాళ్ళకు తలగుడ్డలుగా అమ్మబోతే ఒక అక్క అటూ ఇటూ తిప్పి చూసి, "ఉట్టి కండువాయేనా అన్నా? బిర్యానీ పొట్లం లేదా?" అంది.

ఎన్నికలయ్యాయి. ఆయన గెలిచాడు గానీ ఆయన కన్నతల్లి ఓడిపోయింది. తొలకరి వానకు రేకుల్లోంచి నీళ్ళు కారి ఆరు చీరలు తడిశాయి. మా ఆవిడ కండువాల కట్ట విప్పింది. కత్తెర తీసింది. రెండు కండువాలకు ఒకటి చొప్పున, గుర్తు లోపలికి మడిచి దిండు గలీబులు కుట్టించి, రేపల్లె కొట్లకు వేసింది.

చివరి కట్ట అమ్ముడైన వారానికే ఆయన అనుచరుడు పరుగున వచ్చాడు.

"అన్నా, సార్ పార్టీ మారుతున్నారు. నియోజకవర్గ అభివృద్ధి కోసం. రేపు బాపట్లలో సభ. రెండు వేల కండువాలు కావాలి, ఇరవై చొప్పున ఇస్తా."

నేను మా ఆవిడ వైపు చూశాను.

"ఆ రంగువి రేపల్లెలో తలల కింద ఉన్నాయి బాబూ," అంది ఆవిడ. "మెడలకైతే లేవు."

ఇక బిల్లు. కండువాలకు పద్దెనిమిది వేలు, కుట్టుకూలి మూడు వేలు. వెయ్యి గలీబులకు వచ్చింది పన్నెండు వేలు. నష్టం తొమ్మిది వేలు, పైన ఆరు చీరలు. పేరాలలో గీచి గీచి మిగిల్చింది నాలుగు వేలు. అది వదిలేసి ఉంటే సరుకంతా వెనక్కిచ్చేవాణ్ణి, పోయేది బస్సు చార్జీ. ఆ నాయకుడి పేర రాయడానికి ఎంత వెతికినా ఒక్క రూపాయి దొరకలేదు. ఆయన మారనని చెప్పాడు, నేనే నమ్మలేదు. రేకులు ఇంకా పాతవే.