మూడు పేజీల మేధావి

ఆయనగారి ఉద్యోగం చదవడం. అవును, చదివినందుకే జీతం! ప్రచురణ సంస్థకి వచ్చే నవలలన్నీ ఒక ఈ-రీడర్‌లో ఎక్కించి ఆయన చేతిలో పెట్టేవారు. ఏది అచ్చువెయ్యాలో, ఏది తిప్పి పంపాలో చెప్పాలి. ఆయన మూడు పేజీలు తిప్పి, నాలుగోదానికి ఆవలించి, "పస లేదు, తిప్పి పంపండి" అని రాసేసేవాడు. టైపు చేసే అమ్మాయిలు చాటుగా 'మూడు పేజీల మేధావి' అనుకుని నవ్వుకునేవాళ్ళు.

మరి మిగతా పొద్దంతా ఏం చేసేవాడంటారా? అదే రీడర్‌లో తన సొంతానికి కొనుక్కున్న దెయ్యాల కథలు చదివేవాడు. నుదురు చిట్లించి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని! చూసినవాళ్ళు అబ్బో, ఎంత కష్టపడుతున్నాడో అనుకోవాలి. సిగ్గూ శరం ఉంటేగా!

ఇంటికెళ్ళగానే రీడర్‌ని సోఫా మీద పడేసి టీవీ ముందు కూలబడేవాడు. అప్పుడు భార్య దాన్ని తీసుకునేది. దెయ్యాలంటే ఆవిడకి పడదు కాబట్టి ఆఫీసు నవలలు చదివేది, మొదటి అక్షరం నుంచి చివరిదాకా. మనసుకి తగిలిన చోట అందులోనే రెండు ముక్కలు రాసుకునేది కూడా. ఆఫీసు చదువు ఇంట్లో ఆవిడా, ఇంటి చదువు ఆఫీసులో ఈయనా! ఆ సంగతి ఈ మహానుభావుడికి తెలియనే తెలియదు. భార్య ఏం చేస్తోందో చూసే మనిషైతే కదా.

ఒకరోజు ఒక నర్సమ్మ ఆఫీసుకి వచ్చింది. డ్యూటీల మధ్య ఆరేళ్ళు కూర్చుని రాసుకున్న నవల తిరిగొచ్చింది పాపం. "బాగాలేకపోతే వద్దండీ. అసలు చదివారో లేదో చెప్పండి, చాలు," అని సంస్థ యజమానురాలిని అడిగింది. ఆవిడ వెంటనే ఆయన్ని పిలిపించింది.

చదవకుండా తిప్పి పంపినట్టు తేలితే ఉద్యోగం ఊడుతుందని యజమానురాలు ఆయనకి ముందే చెప్పి ఉంది. ఆయన గుండెల్లో రాయి పడింది. రీడర్ తెరిచాడు. నవల పేరు పక్కన వంద శాతం చదివినట్టు ఉంది! ఎలాగో తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

"చూడండి మేడం! ఒక్క అక్షరం వదల్లేదు," అన్నాడు రొమ్ము విరుచుకుని.

యజమానురాలు రీడర్ అందుకుని, అందులో రాసినవి పైకి చదివింది. "'ఈ పేజీ రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది.' ఇంత నచ్చితే వద్దన్నారేంటండీ?"

"అది మొదటి అభిప్రాయం మేడం. తర్వాత మారింది," అని నీళ్ళు నమిలాడు.

"'ఈ మొగుడు అచ్చం మా ఆయనే. ఏమీ తెలియదు, అన్నీ తెలుసంటాడు.'" యజమానురాలు కళ్ళజోడు తీసి ఆయన్ని చూసింది. "ఇదీ మీ మొదటి అభిప్రాయమేనా?"

టైపు అమ్మాయిలు కిసుక్కుమన్నారు. ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

నర్సమ్మ నవ్వలేదు. "చదివింది వీరి భార్యగారన్నమాట. చివర్లో ఏమన్నా రాశారా మేడం?"

"'అప్పుడే అయిపోయింది. ఈవిడ ఇంకోటి రాస్తే బాగుణ్ణు.'"

నర్సమ్మ కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి మరి.

"మీ నవల వేస్తున్నామమ్మా," అంది యజమానురాలు. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఈ రీడర్ మీ ఆవిడకివ్వండి. ఒప్పుకుంటే రేపట్నుంచి ఉద్యోగం ఆవిడది. మీరు రానక్కర్లేదు."

ఇంకొకడైతే తలొంచుకునేవాడు. ఈయన మాత్రం, ఛీ, "దానికేం తెలుసండీ మేడం, అది ఊరికే చదువుతుందంతే!" అన్నాడు.