క్యాసెట్లలో డిటెక్టివ్ నాటకాలు, నా కంటిలో చుక్కలు

1989 అక్టోబరు పన్నెండు, గురువారం. బూర్గంపాడులో మా ఇంటి వసారాలో పదో తరగతి ఇంగ్లిషు పేపర్లు దిద్దుతున్నాను. కుడికంట్లో నలుసు పడితే ఆ కన్ను మూసి ఎడమకంటితో చూశాను. పేజీ మధ్యలో రెండు మాటలు తప్ప చుట్టూ అంతా బూడిదరంగు. అప్పటికి నాకు యాభై ఏడేళ్ళు. రిటైర్‌మెంటుకు ఎనిమిది నెలలుంది.

అంతకుముందు కళ్ళ బాధ లేదని కాదు. 1987 ఫిబ్రవరిలో కల్లంలో మిరపకాయలు ఎండేసినప్పుడు ఘాటుకు రెండు కళ్ళూ ఎర్రబడ్డాయి. ఆ కాలంలో మా వైపు ఎర్రకళ్ళు లేని ఇల్లు ఉండదు, దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. గోదావరి అవతల భద్రాచలంలో మా తమ్ముడు సత్యానికి మందుల షాపు ఉంది. అతనిచ్చిన చుక్కలు వేసుకుంటే రెండు రోజుల్లో మంట పోయింది. ఆపితే మళ్ళీ ఎరుపు వచ్చేది. అందుకని రోజుకు మూడు పూటలా వేసుకుంటూనే ఉన్నాను. సీసా తెరిచిన తేదీ ప్రతిసారీ నోటుపుస్తకంలో రాశాను. మందు పేరు మాత్రం ఒక్కసారీ రాయలేదు.

అక్టోబరు పదహారున తమ్ముడే ఖమ్మం తీసుకెళ్ళాడు. కంటి లోపలి ఒత్తిడి, వాళ్ళ మాటలో టెన్షన్, చూశారు. చూపు ఎంతమేర ఉందో ఫీల్డ్ టెస్ట్ చేశారు. టెన్షన్ ఇరవై ఒకటి దాటకూడదట. ఎడమకంట్లో నలభై నాలుగు, కుడికంట్లో ఇరవై ఆరు.

"గ్లాకోమా అమ్మా, నీటికాసులు. ఎడమకంటి ఆప్టిక్ నెర్వ్, చూపు నరం, చాలావరకు పోయింది. పోయింది తిరిగి రాదు. ఇక కుడికన్నే కాపాడుకోవాలి" అన్నారు డాక్టరు గారు. తర్వాత, "ఇదివరకు ఏమైనా చుక్కలు..." అంటుండగానే తమ్ముడు అందుకున్నాడు. "మిరప ఘాటుకు చల్లటి చుక్కలు సార్. మామూలువే."

నేనూ తల ఊపాను.

నవంబరులో ఎడమకంటికి ఆపరేషన్ చేశారు. మిగిలిన కాస్త చూపు నిలబడడానికే. ఆరు వారాలు చదవకూడదన్నారు. నలభై ఏళ్ళుగా పుస్తకం లేనిదే అన్నం సహించని మనిషిని. నా అవస్థ చూసి తమ్ముడు హైదరాబాదు నుంచి టేప్‌రికార్డరు, క్యాసెట్లు తెచ్చాడు. విక్టోరియా రాణి కాలపు లండన్ డిటెక్టివ్ కథలు, రేడియో నాటకాలుగా చేసినవి, మొత్తం పదకొండు. ఒకరు చదివి వినిపించడం కాదు. ప్రతి పాత్రకూ వేరే నటుడు. బండివాడి దగ్గు, రాళ్ళబాటమీద గుర్రపు డెక్కలు, ఎవరో మెట్లెక్కుతుంటే చెక్క కిర్రుమనడం. పుస్తకంలో అయితే మాట ఎవరిదో రచయితే చెప్పేస్తాడు. ఇక్కడ చెవితో మనమే పోల్చుకోవాలి. చదవలేని లోటు ఆ గంటసేపు నిజంగా మరిచిపోయేదాన్ని.

మా ఇంట్లో వంట చేసే లచ్చమ్మకు ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. అయినా చేట ముందేసుకుని కూర్చునేది.

"ఏంది పంతులమ్మా, గింతమంది గింత తెలివిగ మాట్లాడుతుండ్రు, ఒక్కనికి దొంగ దొరుకుతలేడా?"

క్యాసెట్ మొదటి వైపు అయిపోగానే హంతకుడెవరో ఇద్దరం చెప్పాలని పందెం పెట్టుకున్నాం. పదకొండు కథల్లో నావి నాలుగు సరిపోయాయి. లచ్చమ్మవి ఎనిమిది.

"భాష రాకుండా ఎట్లా చెప్తున్నావే?"

"రాకుంటెనే మంచిదైంది. మీరు మాటలింటరు. నేను గొంతింట. తప్పు జేసినోడు అడగంగనే గుటక మింగుతడు. లేకుంటె అడుగుడు గాకముందే జవాబిస్తడు."

ఈలోపు నా కుడికన్ను మాట వినడం లేదు. డిసెంబరులో ఇరవై ఎనిమిది, మార్చిలో ముప్పై ఒకటి. "మందు సరిగ్గా వేస్తున్నా ఎందుకు పెరుగుతోందో అర్థం కావడం లేదమ్మా. ఇట్లాగే పోతే దీనికీ ఆపరేషన్ తప్పదు" అన్నారు డాక్టరు గారు. టెన్షన్ తగ్గడానికి ఆయనిచ్చిన మందుతోపాటు కుడికంట్లో తమ్ముడి చుక్కలు కూడా వేస్తూనే ఉన్నాను. మార్చి చివర ఇంటికొచ్చిన తమ్ముణ్ణి "ఇవి వేసుకోవచ్చా?" అని అడిగితే, "ఏసుకో అక్కా, ఏం గాదు" అన్నాడు.

అప్పుడు లచ్చమ్మ వంటింట్లో ఉంది. అతను వెళ్ళాక నా దగ్గరికొచ్చింది. "కోపం జెయ్యకున్రి. మీ తమ్ముడు ఆ సీసా ముచ్చట తీస్తే గుటక మింగుతుండు."

కోపమే వచ్చింది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఖమ్మంలో డాక్టరు ప్రశ్న పూర్తికాకముందే వచ్చిన జవాబు గుర్తొచ్చింది. ఏప్రిల్ మూడున సీసా సంచిలో పెట్టుకుని, లచ్చమ్మ చెయ్యి పట్టుకుని ఖమ్మం బస్సెక్కాను.

డాక్టరు గారు సీసా వెలుతురుకు పెట్టి చదివారు. "స్టెరాయిడ్ అమ్మా ఇది! ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళ రెండు నెలలు. నలభై ఒక్క సీసాలు."

ఆయన నా చీటీలో ఆ మందు పేరు రాసుకున్నారు. "మీ టెన్షన్ పెంచింది ఇదే. ఈరోజే ఆపండి."

ఆ ఆదివారం తమ్ముణ్ణి పిలిచి అడిగాను. అబద్ధమాడలేదు.

"ఇచ్చేటప్పుడు తెల్వదక్కా, ఒట్టు. ఖమ్మంల సారు చుక్కల మాటెత్తంగనే ఇవే చేసినయని అర్థమైంది. చెప్తే షాపు మూతపడతదని భయపడ్డ."

"మరి నాకు చాటుగా ఆపమనొచ్చుగా?"

"ఆపమంటే నువ్వు ఎందుకని అడుగుతవ్. నువ్వడిగితే నేను తప్పించుకోలేను."

అక్టోబరు పదహారు నుంచి ఏప్రిల్ మూడు వరకు నూట అరవై తొమ్మిది రోజులు. రోజుకు మూడు చొప్పున ఒక్క కుడికంట్లోనే ఐదు వందల ఏడు చుక్కలు. ముందటి వాటిని తెలియనితనం కింద వదిలేశాను. వీటిని వదల్లేను. నా కన్ను ముఖ్యమా, తన షాపు ముఖ్యమా అని ఎంచుకోవలసిన రోజులు అన్ని వచ్చాయి, అన్నిసార్లూ షాపునే ఎంచుకున్నాడు. మధ్యలో నాకు క్యాసెట్లు తెచ్చిపెట్టాడు.

ఎనిమిది వారాల్లో కుడికంటి టెన్షన్ పదిహేడుకు దిగింది. ఆపరేషన్ అవసరం పడలేదు. ఎడమకంట్లో మిగిలిన ఆ కాస్తా నిలవలేదు, ఇప్పుడు దానికి వెలుతురు మాత్రమే తెలుస్తుంది.

ఇప్పుడు 1997. అరవై అయిదేళ్ళు. నాలుగు నెలలకొకసారి టెన్షన్ చూపించుకుంటాను. రోజుకు గంట చదువుతాను. సాయంత్రాలు నాటకాలు వింటాను. వాటిని తెచ్చిన చెయ్యి గుర్తొచ్చినా మానలేదు, అంత ఇష్టం. తమ్ముడు పండగలకు వస్తాడు. కిందటేడు అడిగాడు, "ఇంకా కోపమేనా అక్కా?" అని. కోపం లేదన్నాను. అన్నం పెట్టాను. కానీ బయట ఎండగా ఉందని అతను చెప్పినా, నేను కిటికీలోంచి చూసుకున్నాకే నమ్ముతాను.

చదివేవారికి ఒకటే చెప్తాను. డాక్టరు చూసి, ఇన్ని రోజులని లెక్కచెప్పి ఇచ్చే స్టెరాయిడ్ వేరు. ఎవరూ చూడకుండా ఏళ్ళ తరబడి వేసుకునేది వేరు. వాడుతున్న ప్రతి సీసా వెంట తీసుకెళ్ళి డాక్టరు బల్లమీద పెట్టండి. ఆయన అడిగినదానికి మీరే జవాబు చెప్పండి. పక్కనున్నది సొంత తమ్ముడైనా సరే, కాసేపు బయట కూర్చోమనండి.