గొట్టంలో ఉన్ని మేజోళ్ళు

మానిటోబా చలికాలాన్ని ఒక్క జత ఉన్ని మేజోళ్ళతో ఆపినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, అతను మా వీధిలోనే ఉంటాడు. పేరు నెస్టర్ పనాసుక్. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ ఏడు జనవరిలో ఉత్తర ధ్రువం నుంచి బయల్దేరిన గాలి దారిలో ఉన్న ఊళ్ళన్నిటినీ గడ్డ కట్టించుకుంటూ విన్నిపెగ్ దాకా వచ్చి, మా వీధి మొదట్లో నిలబడి, నెస్టర్ మామ ఇంటికేసి ఒకసారి చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని పక్క వీధిలోంచి వెళ్ళిపోయిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

నేను బోగ్దాన్. పదో తరగతి సగంలో బడి మానేశాను. తర్వాత నలభై ఏళ్ళు మునిసిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండి నడిపాను. నేను తోసిన రోడ్డు మీద గోళీ వదిలితే అది పక్క రాష్ట్రం దాకా పక్కకి తిరక్కుండా వెళ్ళేది. గిట్టనివాళ్ళు నన్ను అబద్ధాలకోరు అంటారు. నేను అబద్ధం చెప్పను, నిజానికి కాస్త కోటు తొడుగుతాను. మా ఊళ్ళో కోటు లేకుండా ఎవరూ గడప దాటరు కదా. అయితే ఈ కథలో నేను తొడిగిన ఒక కోటు వల్ల ఒక మనిషి పరువు పోయింది. దాని సంగతీ వస్తుంది.

నెస్టర్ మామ రైల్వే యార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోయాడు. దిగిన మర్నాటి నుంచి గ్యాస్ కంపెనీ మీద యుద్ధం మొదలుపెట్టాడు. ఆయన ఇంట్లో వేడి పదహారు డిగ్రీలు దాటేది కాదు. చుట్టానికి కాఫీ ఇస్తే తాగడానికి ముందు చేతులు కాచుకోవాలి. అక్టోబరు వచ్చిందంటే చాలు, ప్లాస్టిక్ కాగితం చుట్టా, చనిపోయిన భార్య తాలూకు గులాబీ రంగు జుట్టు ఆరబెట్టే మిషనూ పట్టుకుని వీధిలో బయల్దేరేవాడు. కిటికీకి ప్లాస్టిక్ అంటించి, ఆ మిషన్‌తో వేడిగాలి కొట్టి, డోలు చర్మంలా బిగించేవాడు. దారానికి ఒక బాతు ఈక కట్టుకుని తిరిగేవాడు. తలుపు సందు దగ్గర ఆ ఈక వణికితే ఇంటివాళ్ళు దొంగతనం చేసి దొరికిపోయినట్టు నిలబడేవాళ్ళు.

"అదిగో, నీ జీతం బయటికి పోతోంది. చూడు, చెయ్యి ఊపుతోంది నీకు" అనేవాడు.

గ్యాస్ బిల్లులు వచ్చే వారం మరీ కష్టం. పరీక్ష మార్కులడిగినట్టు అడిగేవాడు. ఎక్కువ వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి రోడ్డు దాటేవాళ్ళు. నేను బండి వేగం పెంచేవాణ్ణి.

మా వీధి మొత్తానికి పెద్ద బిల్లు స్టెఫ్కా హోలుబ్‌ది. ఒంటరి మనిషి, అప్పటికి యాభై ఏడేళ్ళు. వలస వచ్చిన మా వాళ్ళందరి ఇళ్ళలాగే ఆమె ఇంట్లోనూ రెండు వంటిళ్ళు. మేడ మీది వంటిల్లు అద్దంలా ఉంచి చుట్టాలకి చూపించడానికి, నేలమాళిగలో ఉన్నది నిజంగా వండడానికి. ఆ కింది వంటింట్లో, ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ పక్కన, చలికాలమంతా ఆమె చర్చి కోసం పిరొహీలు చేసేది. పిండి వత్తి, బంగాళదుంప కూరి, అంచులు నొక్కి, పెద్ద గుండిగల్లో ఉడకబెట్టి, బుధవారం బుధవారం చర్చి హాలుకి పంపేది. వాటిని అమ్మిన డబ్బుతోనే చర్చి పైకప్పు వేయించారు. హాలు వంటగది తాళంచెవి పద్నాలుగేళ్ళుగా ఆమె నడుముకే ఉండేది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరం కాఫీ తాగుతుంటే, నెస్టర్ మామ ఆమె బిల్లు సంగతి కనుక్కుని గట్టిగా అన్నాడు: "స్టెఫ్కా, చర్చి కప్పు కంటే నీ గ్యాసే ఎక్కువ ఖరీదయ్యేట్టుందే!"

హాలంతా నవ్వింది. స్టెఫ్కా మెడ దాకా ఎర్రబడింది. మర్నాడు తనే ఆయన్ని ఇంటికి పిలిచింది.

కింద ఫర్నేస్ దగ్గర గోడలోంచి తొడంత లావు రేకు గొట్టం ఒకటి వచ్చి, మూతి తెరుచుకుని వేలాడుతోంది. అందులోంచి బయటి గాలి ధారగా ఆమె కాళ్ళ మీద పడుతోంది. మామ ఈక పెట్టాడు. ఈక దారం తెంపుకుని స్టవ్ మీద పడింది. (దారం తెగలేదని ఆమె అంటుంది. ఆమె నిలబడ్డ చోటు నుంచి సరిగ్గా కనబడి ఉండదు.)

"ఇదెందుకమ్మా ఇక్కడ?"

"ఫర్నేస్ బిగించినవాడు పెట్టి వెళ్ళాడు. ఎందుకో నేనడగలేదు, వాడు చెప్పలేదు. నా మడమలు మాత్రం నావి కాకుండా పోయాయి."

"ఇల్లు వెచ్చబెట్టడానికి డబ్బు కడుతూ, చలి రావడానికి ద్వారం పెట్టుకున్నావా? పైగా తోరణం ఒకటి కట్టకపోయావా?"

కోటు జేబులోంచి ఒక జత ఉన్ని మేజోళ్ళు తీసి, ఉండ చుట్టి, ఆ గొట్టంలో బిగించి కొట్టాడు. గాలి ఆగిపోయింది. ఆమె చేతులు జోడించినంత పనిచేసింది. ఆ వారంలోనే మామ మా వీధిలో మరో పది ఇళ్ళలో అలాంటి గొట్టాలన్నీ మూసేశాడు. వాటిల్లో నాదొకటి, తనదొకటి. తర్వాతి నెల బిల్లులు నిజంగానే తగ్గాయి. మామ వీధిలో నడుస్తుంటే పెళ్ళికొడుకులా ఉండేవాడు.

ఫిబ్రవరిలో స్టెఫ్కాకి తలనొప్పులు మొదలయ్యాయి. పొద్దున్న బాగానే ఉండేది, మధ్యాహ్నం దాకా కింద వంట చేసి పైకి వచ్చేసరికి మాట ముద్దయ్యేది. లెక్కపెట్టిన డజన్లే మళ్ళీ లెక్కపెట్టేది. మెట్ల మీద గోడ పట్టుకుని నడిచేది. ఇప్పుడైతే ప్రతి ఇంట్లో గోడకి గాలిని పసిగట్టే అలారం పెట్టె ఉంది, అప్పుడు అది ఉండి ఉంటే కూసేది. కానీ మా వీధిలో ఎవరింట్లోనూ లేదు. మాకు తోచింది ఒక్కటే: మనిషి తాగుతోంది.

ఆ మాట మొదట అన్నది నేను. దాన్ని చక్కగా తయారుచేసి మరీ చెప్పాను. పిండిలో ఒక చెంచా పళ్ళ సారా పోసి, వంటావిడలో మూడు పోస్తుందనీ, ఆమె పిరొహీ తిన్న పిల్లి ఒకటి రోడ్డు మధ్యలో కూర్చుని మా తాతల కాలం పాట పాడిందనీ. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అంతగా నవ్వించినందుకు ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా పడుకున్నాను.

తర్వాతి బుధవారం స్టెఫ్కా పిరొహీల పళ్ళెం మోసుకుంటూ హాల్లోకి వచ్చి, గడప దగ్గర తూలి, మొత్తం నేల మీద వదిలేసింది. ఇరవై డజన్లు. వంగి ఏరబోయి, కూలబడిపోయి, ఏం వెతుకుతోందో మర్చిపోయినట్టు చేతులు చూసుకుంది. ఫాదర్ గారి భార్య ఒక్సానా (మా శాఖ ఫాదర్లకి పెళ్ళిళ్ళుంటాయి) మంచి మనిషి. మెల్లగా పట్టుకుని లేపి, ఆమె నడుం నుంచి తాళంచెవి విప్పి తీసుకుంది.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో స్టెఫ్కా."

"నేను తాగలేదమ్మా."

"ఎవరన్నారు తాగావని?"

"అందరి మొహాలూ అంటున్నాయి."

నా వెనక ఎవరో మెల్లగా పిల్లి కూత కూశారు. నా కథ అంత దూరం నడిచింది. నెస్టర్ మామ మగవాళ్ళ బల్ల దగ్గర దుంపలు చెక్కుతూ ఉన్నాడు. హాలంతా ఆమెని చూస్తుంటే ఆయన ఒక్కడే తల ఎత్తలేదు. చూడండి, ఎంత పెద్దమనిషో, ఆడమనిషి పరువు పోతుంటే చూడ్డానికి కూడా మనసొప్పక తల దించుకున్నాడు అనుకున్నాను.

మర్నాడు గురువారం. మైనస్ ముప్ఫై నాలుగు. ఉమ్మితే నేల మీద పడేలోపు గోళీ అయ్యేది. నెస్టర్ మామ పక్క వీధిలో కూడా గొట్టాలు మూద్దామని, మందం స్పాంజి కొనడానికి లెన్ కొట్టుకి వెళ్ళాడు. లెన్ మేకుల దగ్గర్నుంచి ఫర్నేస్ భాగాల దాకా అమ్మే మనిషి, నవ్వడం ఎక్కడా నేర్చుకోలేదు.

"దేనికిది?" అన్నాడు లెన్.

"ఫర్నేస్ పక్కన చలిగాలి వచ్చే గొట్టం ఉంటుంది చూడు, దానికి."

లెన్ స్పాంజి వెనక్కి లాక్కున్నాడు. "అది ఫర్నేస్ ముక్కు. అది మూస్తే ఫర్నేస్ దేన్ని పీల్చుకుంటుంది? నువ్వేమో కిటికీలన్నీ ప్లాస్టిక్‌తో బిగించి పెట్టావు. దానికి తోడు గాలిని బయటికి తోసే వంటింటి ఫ్యాన్ తిరిగితే, చిమ్నీలోంచి పోవాల్సిన పొగ వెనక్కి ఇంట్లోకే దిగుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ముందు తలనొప్పి. తర్వాత తాగినవాడిలా నడక, మాట తడబాటు. తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు."

తాగినవాడిలా నడక. ఆ ముక్క విన్నాక మామకి ఇంకేమీ వినబడలేదు. కోటు కొట్లోనే వదిలేశాడు, టోపీ వదిలేశాడు, తొమ్మిది వీధులు చొక్కాతో పరుగెత్తాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. నా మంచు బండిని కుడివైపు నుంచి దాటిపోయాడు, మీసాలకి మంచు ముక్కలు గంటల్లా మోగుతుంటే. స్టెఫ్కా తలుపు కొట్టాడో పగలగొట్టాడో ఆ తలుపుకే తెలియాలి.

కిందికి దిగి, ఫర్నేస్ ఆపి, మేజోళ్ళు లాగేసి, తను గులాబీ మిషన్‌తో బిగించిన ప్లాస్టిక్‌ని తనే గోళ్ళతో చింపి కిటికీలు తెరిచాడు. ఆమె వంట బల్ల దగ్గర తల వాల్చి కూర్చుని ఉంది. నేను నా బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆ రోజు ఎర్రదీపాలు నన్ను చూసి పచ్చబడ్డాయి. డాక్టరు రక్తం చూసి, ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, సారా చుక్క కూడా లేదనీ ఉన్నది ఫర్నేస్ పొగ అనీ చెప్పాడు. ఇంకో రెండు మూడు వంట రోజులు గడిచి ఉంటే తన దగ్గరికి తెచ్చే పని ఉండేది కాదన్నాడు.

మామ ఆస్పత్రి నుంచి నేరుగా వీధిలోకి వెళ్ళాడు. మిగిలిన ప్రతి ఇంటి తలుపూ కొట్టాడు. నేను బండి పక్కన పెట్టి వెనకే నడిచాను. ప్రతి గడపలోనూ అదే మాట.

"నీ ఇంట్లో నేను పెట్టినది తియ్యాలి. తప్పు చేశాను. తలనొప్పి ఎవరికైనా ఉందా?"

ఒక ఇంటివాడు తలుపు సగమే తీశాడు. "పోయిన నెల నాకు పాఠం చెప్పి వెళ్ళావు. ఇవాళ మా పిల్లల్ని చంపేదాకా వచ్చానంటావా?"

"అవును."

"అవునట! ఎంత సులువుగా అంటున్నాడో!"

సులువుగా అనలేదు. ఆ 'అవును' అనడానికి ముందు ఆయన గడపకేసి చూస్తూ నిలబడ్డ సేపు నేను చూశాను. ఇంకో ఇంట్లో ఆవిడ ఏమీ అనకుండా మేజోళ్ళు తనే లాగి, ఉతికి ఇస్తానంది. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది ఆయనకి. సాయంత్రానికి జేబుల నిండా మేజోళ్ళు. తర్వాతి వారం లెన్ చెప్పిన ఉపాయంతో మళ్ళీ తిరిగాడు: గొట్టం మూతి ఒక బకెట్‌లోకి దించితే చలిగాలి బకెట్‌లో నిలబడి ఉంటుంది, ఫర్నేస్‌కి కావాల్సినప్పుడు పీల్చుకుంటుంది, కాళ్ళ మీద పడదు. బిల్లు కొంచెం పెరిగింది. ఎంత వచ్చిందని ఆయన మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

ఆదివారం హాల్లో లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ గోడలు అదిరేలా మాట్లాడే మనిషి, వెనక వరసకి వినబడలేదు.

"స్టెఫ్కా తాగలేదు. నేను నలుగురిలో ఆమెని సిగ్గుపడేట్టు చేసి, ఆ సిగ్గుతో పిలిస్తే వెళ్ళి, ఆమె ఇంట్లో విషం నింపాను. మీరు తాళం తీసుకోవాల్సింది నా దగ్గర్నుంచి."

ఒక్సానా ఏడుస్తూ తాళంచెవి స్టెఫ్కా ముందు పెట్టింది. స్టెఫ్కా దాన్ని తీసుకోలేదు. "బల్ల మీద ఉండనీండమ్మా. ఎవరికి కావాలంటే వాళ్ళు తెరుచుకుంటారు" అంది. అప్పుడు నేను లేవాలి. పిల్లి కథ నాదని చెప్పాలి. నా ముందున్న కాఫీలో చక్కెర వేసి కలుపుతూ కూర్చున్నాను. నేను కాఫీలో చక్కెర వేసుకోను. ఆ ఏడాదంతా ఆమె వాకిట్లో మంచు నేనే తోశాను. ఒకసారి కిటికీలోంచి చూసింది, తెర వేసుకుంది.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మామకిప్పుడు ఎనభై ఐదు. ఇది రాశాక మొదట ఆయనకే చదివి వినిపించాను. పరుగు దగ్గర మెచ్చుకుంటాడని గొంతు పెంచి చదివాను. ఆయన చివరిదాకా విని, కాఫీ కప్పు పక్కన పెట్టి అన్నాడు:

"పరుగెత్తలేదురా. కోటు వేసుకుని నడిచే వెళ్ళాను. లెన్ నాతో చెప్పింది సోమవారం. మా ఇంట్లో మేజోళ్ళు సోమవారమే తీసేశాను. బుధవారం ఆమె దగ్గర తాళం తీసుకుంటున్నప్పుడు నాకు అంతా తెలుసు, దుంపలు చెక్కుతూ కూర్చున్నాను. ఆమె ఇంటికి వెళ్ళింది గురువారం."