ఎడమ పక్క పాకిన వేడి

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఎక్స్‌రే మిషన్ నడిపేవాణ్ణి. తెర మీద కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. అంతే.

బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి నారాయణమ్మ అనే పెద్దావిడను తెచ్చారు. వేరుశనగ మూట ఎత్తబోతే నడుములో రెండు వెన్నుపూసలు అణిగిపోయాయి. సూదితో ఎముకలోకి సిమెంటు ఎక్కిస్తే నొప్పి తగ్గుతుందన్నారు డాక్టరు. అది పక్కకు కారే ప్రమాదముందని కూడా చెప్పి సంతకం తీసుకున్నారు.

మొదటి పూస బాగానే నిండింది. రెండోదానికి ఇంకో సిమెంటు ప్యాకెట్ కావాలంటే స్టోరుకు బయల్దేరాను. వరండాలో ఆమె భర్త ఓబులప్ప గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపమని చెప్పప్పా. నా నడుములో యాదో కాలతాండాది. ఎడమ పక్కనుంచి రొమ్ములోకి పాకుతాండాది. ఇది నాది కాదు, లోపల పండుకోనుండే నా ఆడదానిది."

"ఏం కాదులే పెద్దాయనా, ఊరికే కూసో" అని చెయ్యి విడిపించుకున్నాను.

లోపల ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారనుకున్నాను.

ఆ సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత అందరినీ అడిగి కనుక్కున్నాను.

డాక్టరు నెమ్మదిగానే ఎక్కిస్తున్నారు. సిరంజి బిగుసుకుంది. కాస్త గట్టిగా నొక్కారు. తెర మీద పూసకు ఎడమ వైపు సిమెంటు నల్లదారం లాంటి గీతగా రక్తనాళంలోకి కారి పైకి పోయింది. వెంటనే ఆపేశారు. అప్పటికే నారాయణమ్మకు దగ్గు మొదలైంది. పెదవులు నీలంగా మారాయి.

ఓబులప్ప నా చెయ్యి పట్టుకుని అప్పటికి పావుగంట. ఆయన ఆ మాట అన్నప్పుడు రెండో పూసలో చుక్క సిమెంటు కూడా పడలేదు. మొదటిదాంట్లోంచి ఏమీ కారలేదు. ఆ ఫిల్ములు ఎన్నిసార్లు చూశానో.

సిమెంటు ముక్కలు ఊపిరితిత్తుల్లోకి చేరాయి. రెండో రోజు మధ్యాహ్నం ఆమె చనిపోయింది.

కాగితాల కోసం వచ్చిన ఓబులప్ప నన్ను చూసి ఆగాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఇప్పుడు సల్లగైపోయిందప్పా" అన్నాడు. తర్వాత అడిగాడు: "ఆ పొద్దు లోపలికి పోయి చెప్పినావా?"

"చెప్పినా. వాళ్లే ఇనలేదు" అన్నాను.

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

నేను చెప్పి ఉంటే డాక్టరు ఆపేవారా? తెలియదు. ఇంకా జరగనిది ఆయన ఒంటికి ఎలా తెలిసిందో అసలే తెలియదు. అడుగుదామని ఒకసారి వాళ్ల ఊరికి పోయాను. గడప మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బండి దిగకుండానే వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.