అహరోను దాచిన చదువు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. ఇచ్చోడ ఊరి అహరోనుకు మతి పోలేదు, ఉద్యోగం రాలేదంతే. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై ఆరేళ్లయింది. మొదట వెళ్లిన పత్తి మిల్లులో చదువు సంగతి నిజం చెబితే, "నోటిఫికేషన్ పడంగనే పోతవు, నీకెందుకు పని నేర్పాలె" అని గేటు దగ్గరి నుంచే పంపేశారు. రెండో మిల్లులో పదో తరగతి పాసని చెప్పాడు. వెంటనే పెట్టుకున్నారు. మన పెద్ద చదువుల విలువ ఇంతే మరి.

రెండు సీజన్లు పత్తి బోరాలు మోశాడు. ఈసారి కాంటా దగ్గర బండ్ల తూకం రాసే పని, అదీ పర్మనెంటుగా, ఇస్తానని సేటు మాటిచ్చాడు. సోమవారం చేరాలి. ఆ పని దొరికితే ఎండాకాలం ఖాళీగా కూర్చోనక్కర్లేదు. సంతోషం పట్టలేక అహరోను ఇంట్లో చెప్పేశాడు, చదువు దాచిన సంగతి తప్ప. అక్కడే కొంప మునిగింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ తల్లి లిడియా లేచింది. మేలు జరిగితే నలుగురిలో చెప్పి దేవుణ్ని స్తుతించాలి, లేకపోతే ఆ మేలు నిలవదని ఆమె నమ్మకం.

"ఎమ్మెస్సీ సదివిన నా బిడ్డకు దేవుడు మిల్లుల పర్మనెంటు కొలువు ఇచ్చిండు" అంది కళ్లు తుడుచుకుంటూ.

అందరూ స్తోత్రం అన్నారు. ఆ నెలలోనే నిర్మల్ నుంచి వచ్చిన మిల్లు సూపర్‌వైజర్ రంజిత్ కూడా అన్నాడు, అహరోను వైపే చూస్తూ.

సోమవారం రంజిత్ గేటు దగ్గరే ఆపాడు.

"కాంటకు పెట్టే మనిషి ఎసొంటోడని సేటు అడిగిండు తమ్మీ. దేవుని ముంగట ఇన్నదాన్ని లేదని ఎట్ల చెప్పాలె?"

"పాత పనిలనన్న ఉంచుమను అన్నా. బోరాలే మోస్త."

"అడిగిన. సదువు దాచినోడు రేపు తూకం దాచడా అంటుండు."

దొంగ సర్టిఫికెట్లతో పట్టుబడ్డవాళ్ల గురించి విన్నాం. నిజమైన చదువుతో పట్టుబడ్డవాడు మాత్రం ఇతనొక్కడే.

ఇంటికొచ్చి, పనిలోంచి తీసేశారని మాత్రం చెప్పాడు. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. లిడియా లేచి మంచి చీర కట్టుకుంది, బీరువాలోంచి డిగ్రీ కాగితాల కవరు తీసి చంకన పెట్టుకుంది.

"నువ్వెంత సదివినవో వాళ్లకు ఎరుక లేక తీసేసిండ్రు బిడ్డా. నడువు, నేనొచ్చి సూపిస్త."