ఆరు చీరల వీపులు

ఆ వారమంతా నా కళ్లు మా మామగారి కత్తెర మీదే ఉన్నాయి.

తిరుత్తణి దగ్గర మా ఇంటి ముందుగది మొత్తం మగ్గమే. ఒక పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, అయిపోయి ఆఖరి చీర కోశాక ఆ పోగుల కొసల్ని మాత్రం దువ్వెన లాంటి అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చాక ఒక్కో పోగునూ ఆ కొసలకే అతుకుతారు. ఆ కొసలు కత్తిరించారంటే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయినట్టే. మా చీరలు తీసుకునే వ్యాపారి ఈసారి చేతులెత్తేశాడు. ఆరు చీరలు బీరువాలో ఉండిపోయాయి. మామగారు ఆషాఢానికి, మా వైపు మాటలో ఆడి నెలకు, గడువు పెట్టి తీర్పు చెప్పేశారు.

"ఆడి నెల వచ్చేలోపల ఈ ఆరూ పోకపోతే కొసలు కోసేస్తా. బండ్ల మెకానిక్ గది అడిగినాడు, ఇచ్చేస్తా. సుమ్మా, ఊరికే పెట్టుకోని ఏం జేసేది?"

అలా అన్న రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నాకు ఏడుపొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. ఆ రెండూ కలిసి వస్తే నేను ఏదో ఒక పిచ్చి పని చేస్తాను. ఫోన్ తీసి మా మగ్గానికి ఒక పేజీ తెరిచాను. పుట్టింది మణవాళనగర్‌లో, చదివింది తమిళంలో కాబట్టి వివరాలన్నీ తమిళంలోనే దంచేశాను.

చిక్కంతా ఫొటోల దగ్గర వచ్చింది. మామగారు బీరువాకు అడ్డంగా నిలబడ్డారు.

"చీర మొగం ఊరందరికీ చూపీకూడదమ్మా. కొనేవాళ్లే విప్పి చూడాల. ముందే చూపితే దిష్టి."

"మరి ఏం చూపేది మామా?"

"వీపు చూపు."

ఆయన హాస్యానికి అనలేదు. మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది, నేసేవాడికి కనబడేది బుటాల వెనక వైపే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన చూస్తున్న చీర అదే. ఇంక చేసేదేముంది? బంగారం లాంటి చీరల్ని తిరగేసి, దారాలు వేలాడుతుండగా ఆరు వీపులూ ఫొటో తీసి పెట్టాను.

జనం ఊరుకుంటారా? "అక్కా, ఎలుక కొరికిందా?" అని ఒకరు. "చీరకు గడ్డం పెరిగింది, గొరగండి" అని ఇంకొకరు. తిరువళ్లూరులో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన అవి చదివి తల పట్టుకున్నాడు. నేను మాత్రం గడ్డం మాటకు పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే కత్తెర ఎక్కడుందో చూసుకున్నాను.

నాలుగో రోజు చెన్నై నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. అందరూ చీర ముందువైపే చూపిస్తారట, దానితో ఏమీ తెలియదట. బుటా బుటాకీ చేత్తో వదిలిన దారం కొస చూశాకే ఇది మగ్గం చీరని నమ్మిందట. ఇల్లెక్కడని అడిగింది. ఆ ఆదివారం ముగ్గురు స్నేహితురాళ్లతో రైలు దిగింది. స్టేషన్‌కు పరిగెత్తిన నా కాళ్లకు ఒకటి నా చెప్పు, ఇంకొకటి మా ఆయనది!

ఇంట్లో మామగారు మొదటి చీర విప్పి, ముఖం పైకి తిప్పి పరిచారు. నలుగురూ ఒక్కసారే "అబ్బా" అన్నారు. నాకు గాల్లో తేలినట్టుంది. టీచరమ్మ చీర నిమురుతూ, ఎవరు నేశారని అడిగింది.

ఇన్నేళ్లలో కట్టుకునే మనిషి ఆయన్ని ఆ మాట అడగడం అదే మొదలు. చీర మీద ఎప్పుడూ వ్యాపారి చీటీయే ఉండేది, నేసినవాడు ఎవరికీ తెలిసేవాడు కాదు. చిన్న వ్యాపారానికి ఫోన్‌లో పేజీ ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ ఒక్క సంగతే చెబుతాను. మామగారు భుజం మీద తువ్వాలు సర్దుకుని, "నేనేమ్మా" అన్నారు.

వాళ్లు ఐదు చీరలు తీసుకుని వెళ్లారు. ఒకటి మిగిలింది. ఆడి నెల రెండు రోజుల్లో ఉంది. మామగారు కత్తెర అందుకున్నారు. నా నవ్వు ఆగిపోయింది.

ఆయన మగ్గం వైపు వెళ్లలేదు. మిగిలిన చీర ఒళ్లో వేసుకుని, కొసన వేలాడే దారాలన్నీ ఓపిగ్గా కత్తిరించి నా చేతిలో పెట్టారు.

"ఇది నువ్వు కట్టుకో. ఆరూ పోయినాయి. కొత్త పడుగుకి చెప్పి పంపు."