మామ వాచీ మూత

మా మామ వరదరాజులుకి లోకంలో రెండే జాతులు: కీ ఇచ్చే వాచీలు, బ్యాటరీ వేసే వాచీలు. రెండో జాతి తెచ్చినవాళ్లను ఆయన కూర్చోమని కూడా అనడు. చూలై అనే పేటలో ఒక మేడ మెట్ల కింద ఆయన దుకాణం. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను అక్కడే స్టూలు మీద కూర్చుని, కింద పడిన స్క్రూలు వెతికిపెడతాను. మాట్లాడే పని లేని ఉద్యోగం, నాకు సరిపోయింది.

మామ దగ్గర వాళ్ల తాత వాచీ ఒకటుంది. పేరుమోసిన స్విస్ కంపెనీది. ఆ పేరు మామ ఒక రకంగా పలుకుతాడు, కంపెనీవాళ్లు ఇంకో రకంగా పలుకుతారు, అందుకని నేను రాయను. డయల్ టీ మరకలా పసుపెక్కి, ఆరు దగ్గర పగిలి ఉండేది. ఈమధ్య ఆ కంపెనీ ఇక్కడి పెద్ద హోటల్లో తమ పాత వాచీల ప్రదర్శన పెట్టింది. జనం దగ్గరున్న వాచీల్లో ఒకదాన్ని ఎంచి, స్విట్జర్లాండులోని తమ మ్యూజియంలో యజమాని పేరుతో పెడతామంది. నేను ఫోన్లో ఫొటో తీసి పంపాను. నాలుగో రోజు జవాబొచ్చింది: చాలా బాగుంది, తీసుకురండి.

"అద్దాల పెట్టెలో నా పేరు మే! పక్కన రాజుల వాచీలు!" అన్నాడు మామ అత్తతో.

"ఈడ దుకాణానికే బోర్డు లేదు, ఆడ పెట్టిస్తాడంట" అంది అలమేలత్త, క్యారియర్ విప్పుతూ.

జవాబులో ఇంకో వాక్యముంది. కూడబలుక్కుని చదివాను. "మామా, శుభ్రం చేయొద్దంట. ఉన్నది ఉన్నట్టే తెమ్మన్నారు."

మామ నవ్వాడు. "అది మర్యాదకు రాసేది. పెండ్లిపత్రికలో కానుకలు వద్దని రాస్తారు. వట్టి చేతులతో పోతామా?"

"మీరు పోయేది అట్లే గదా" అంది అత్త.

మూడు రోజులు కూర్చుని మామ పాత డయల్ గీకి, తెల్ల రంగేసి, సన్నని కుంచెతో అంకెలు రాశాడు. కంపెనీ పేరును కంపెనీకంటే అందంగా రాశాడు. లోహపు కేసుకు మెరుగు పెట్టాడు. చివరికి వాచీ పెళ్లిచూపులకు పౌడరు కొట్టుకున్న ముసలమ్మలా తయారైంది.

హోటల్లో అద్దాల పెట్టెల నిండా రాజుల వాచీలు, నావికుల వాచీలు, చంద్రుడి కళలు చూపే వాచీలు. ఒక్కటీ నడవడం లేదు. మామ వంగి చూసి, "అన్నీ చచ్చినాయి" అన్నాడు. గోడ మీద కంపెనీ స్థాపించినాయన గడ్డం బొమ్మ. మంచుకొండల్లో ఆవులు మేపేవాడట, చలికాలం పనిలేక వాచీలు మొదలుపెట్టాడట. "మనకు చలికాలం లేకపోయె" అన్నాడు మామ.

కంపెనీ ఉద్యోగి శక్తివేల్ మమ్మల్ని ఒక స్విస్ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన తెల్ల చేతొడుగులతో రుమాలు విప్పి వాచీ చూశాడు. మేం పంపిన ఫొటో చూశాడు. మళ్లీ వాచీ చూశాడు. దగ్గరి బంధువు పోయినట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఆ పసుపు, ఆ పగులే వాళ్లకు కావాల్సింది సార్" అన్నాడు శక్తివేల్. "ఇంక తీసుకోలేరంట."

మామ చెవులు ఎర్రబడ్డాయి. "పగులు కావాలంటే ముందే చెప్పుండొచ్చు గదా?"

చెప్పారు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

పెద్దాయన ఊరికే వెనక మూత తెరిచాడు. తెరిచి అలాగే ఉండిపోయాడు. లోపలంతా సూదితో గీసిన తెలుగు అక్షరాలు. వాచీ విప్పిన ప్రతిసారీ రిపేరు చేసినవాడు మూత లోపల పేరులో మొదటి అక్షరం, తేదీ గీకడం మా ఇంటి అలవాటు. మామ తాత, తండ్రి, మామ, కలిపి పందొమ్మిది గీతలు. ఆయన భూతద్దంతో అన్నీ చూసి శక్తివేల్ చెవిలో ఏదో చెప్పాడు.

"మూత ఇస్తారా అంటున్నారు. మూత మాత్రమే. మీ పేరుతోనే పెడతారంట."

అద్దాల పెట్టె, పేరు, రాజులు, అన్నీ మామ ముఖంలో ఒక్కసారి వెలిగాయి. చెయ్యి మూత దాకా పోయి ఆగింది.

"మూత తీస్తే దుమ్ము దూరతాది సార్."

"వేరే మూత చేసిస్తారంట."

"మా వాళ్లు గీకింది ఆడుంటే నేనింక యాడ గీకేది?"

మామ మూత నొక్కి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, చేతికి కట్టుకున్నాడు. ఆ హాల్లో నడిచే పాత వాచీ అదొక్కటే.

మర్నాడు మా దుకాణానికి మొదటిసారి బోర్డు వచ్చింది. రాసింది నేనే: "వరదరాజులు, కీ వాచీల రిపేరు. స్విట్జర్లాండు వాళ్లు అడిగినా ఇవ్వని వాచీ ఇక్కడ కలదు."

అడిగింది మూతనే అని రాయడానికి రేకు మీద చోటు చాలలేదు.